తూకం లేని ఆకుపొడి

మందుల వాడకంపై పాఠకుల ప్రశ్నలకు ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఫార్మసిస్టు జవాబులు

ప్రశ్న: అక్కగారికి నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. నాకు 44 ఏళ్లు. లారీ నడుపుతాను. నాలుగేళ్ల కిందట సిమెంటు బస్తాలు దించుతుంటే నడుము పట్టేసింది. అప్పట్లో డాక్టరు రాసిన ట్రమడాల్ అనే నొప్పి మందు 50 మిల్లీగ్రాముల గొట్టాలు రోజుకు రెండు వేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆరు వేసుకుంటే గాని లారీ ఎక్కలేను. ఒక దుకాణంలో చీటీ అడగకుండానే ఇస్తారు. వేసుకోని రోజు ముక్కు కారుతుంది, ఆవలింతలు ఆగవు, రాత్రి కాళ్లు ఒక చోట నిలవవు. మా బావమరిది మలేషియాలోని కెడాలో మూడేళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ కూలీలు కెటుమ్ అనే ఆకు కషాయం తాగి ఎంత ఎండలోనైనా పని చేస్తారట. థాయిలాండ్‌లో దాన్నే క్రాటమ్ అంటారట. ఆ ఆకుపొడి పొట్లం ఒకటి తెచ్చిచ్చాడు. ఇది పట్టుకుంటే ట్రమడాల్ దానంతటదే పోతుందంటున్నాడు. రోజుకు ఎంత వేసుకోవాలి? ఆకే కదా, హాని ఉండదు కదా? ఆస్పత్రికి వెళితే తాగుబోతుల వార్డులో పడేస్తారేమోనని భయం. పేరు వేయవద్దు. – కాశీనగర్ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, పత్రిక మీ చేతికి అందిన రోజు నుంచే రెండు పనులు చేయండి. ఆ పొట్లం తెరవకండి. ట్రమడాల్‌ను కూడా ఒక్కసారిగా మానేయకండి. మీరు వేసుకుంటున్నది రోజుకు 300 మిల్లీగ్రాములు. నాలుగేళ్ల అలవాటును ఒక్క రోజులో తెంచితే శరీరం తట్టుకోదు. ఇక పొడి ఎంత వేసుకోవాలని అడిగారు. ఆ అంకె నేను చెప్పను. తెలిసి దాచుకోవడం కాదు, అలాంటి అంకె అసలు లేదు. ఎందుకు లేదో చెబుతాను.

పోయిన ఏడాది ఒకాయన ఇలాంటి పొట్లాన్నే తెచ్చి మా వరండాలో నా ముందు పెట్టాడు. మూతి విప్పితే గోరింటాకు పొడి రంగు, ఎండుగడ్డి వాసన. నోట్లో వేసుకుంటే కాకరకాయ నయం అనిపిస్తుందని ఆయనే చెప్పాడు. టీస్పూనుతో రోజుకు మూడుసార్లు తీసుకుంటున్నానన్నాడు. మందులు తూచే చిన్న తక్కెడ నా దగ్గర ఇంకా ఉంది. ఆయన స్పూను, ఆయన చెయ్యి, ఆయన పొట్లం. మూడుసార్లు తీయించి తూచాను. మొదటిసారి 1.9 గ్రాములు వచ్చింది, రెండోసారి 2.6, మూడోసారి 3.2. పొట్లం అడుగున మెత్తటి ధూళి పేరుకుని ఉంది. అడుగుకు వెళ్లేకొద్దీ స్పూను బరువెక్కుతోంది. ఇది కేవలం పొడి బరువు. అందులో మందు బలం ఎంతో ఏ తక్కెడా చెప్పదు. ఆ చెట్టు ఎక్కడ పెరిగింది, ఆకు ఏ వయసులో కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి బలం మారుతుంది. పొట్లం మీద బ్యాచ్ నంబరు లేదు, తయారైన తేదీ లేదు. అట్టడుగున చీమ తలంత ఇంగ్లిషు అక్షరాల్లో 'మనుషులు తినడానికి కాదు' అని మాత్రం ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందిలాగే ఆయనకూ ఒడియా మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు, ఇంగ్లిషు అసలే రాదు. నేను చదివి చెప్పేసరికి ఆ ముఖం ఎలా అయిందో ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

మీ బావమరిది అబద్ధం చెప్పలేదు. క్రాటమ్ కాఫీ కుటుంబానికి చెందిన చెట్టు. థాయిలాండ్ దక్షిణ జిల్లాల్లో, మలేషియా ఉత్తర రాష్ట్రాల్లో కూలీలు, రబ్బరు తోటల వాళ్లు ఆ ఆకును తరతరాలుగా నములుతున్నారు, కషాయం కాచుకుంటున్నారు. మీలాగే ఒక మత్తు నుంచి బయటపడటానికి దాన్ని పట్టుకున్నవాళ్లు పాతకాలంలోనూ ఉన్నారు. నల్లమందు అలవాటుకు ఈ ఆకును విరుగుడుగా వాడటం పందొమ్మిదో శతాబ్దం చివరికే రాతల్లోకి ఎక్కింది. థాయిలాండ్ 1943లో దాన్ని నిషేధించింది, 2021 ఆగస్టులో మళ్లీ అనుమతించింది. నొప్పి తగ్గుతుందన్న మాటలోనూ నిజం ఉంది. మలేషియాలో 2020లో వెలువడిన ఒక పరిశోధనలో, క్రాటమ్ అలవాటున్న 26 మంది మగవాళ్ల చేత ఐసు నీళ్లలో చెయ్యి పెట్టించారు. కషాయం తాగకముందు సగటున 11 సెకన్లు ఓర్చుకున్నవాళ్లు, తాగిన గంటకు దాదాపు 25 సెకన్లు ఓర్చుకున్నారు. ఇదంతా దాచిపెట్టి ఆకును తిట్టిపోస్తే మీరు నా మాట నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

అయితే ఆ నొప్పి ఎలా తగ్గుతోంది? ఆకులో ప్రధానమైన పదార్థం మిట్రాగైనిన్. దానిలో కొంత మన కాలేయంలో 7-హైడ్రాక్సీమిట్రాగైనిన్ అనే ఇంకా బలమైన పదార్థంగా మారుతుంది. నల్లమందు, మార్ఫిన్, ట్రమడాల్ మెదడులో ఏ పీట మీద కూర్చుంటాయో ఈ రెండూ అదే పీట మీద కూర్చుంటాయి. కాకపోతే నిండుగా కూర్చోవు, అంచున ఒదుగుతాయి. అందుకే ట్రమడాల్ మానిన రోజు మీకు వచ్చే ఆవలింతలు, కాళ్ల పీకులాట ఈ పొడి వేసుకుంటే తగ్గినట్టు అనిపిస్తాయి. తగ్గడం కాదు తమ్ముడూ, పీట మీద మనిషి మారాడు. రేపు ఈ పొడి మానినా అవే ఆవలింతలు, అవే కాళ్లు. మలేషియాలోనే క్రమం తప్పకుండా వాడే 293 మందిని పరిశీలించి 2014లో ప్రచురించిన పత్రంలో, సగానికి పైగా మనుషుల్లో ఆ ఆకు మీద తీవ్రంగా ఆధారపడటం కనిపించింది. పచ్చి ఆకు సొంత చెట్టు నుంచి కోసుకునే దేశంలో మాట ఇది. మీ చేతిలో ఉన్నది ఎవరు దంచారో తెలియని పొడి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం కలిగించే విషయం. మీరు ట్రమడాల్ మానకుండానే, దాన్ని తగ్గించడం కోసమని పొడి మొదలుపెడతారు. అందరూ చేసేది అదే. ట్రమడాల్ మన కాలేయంలో ఒక ఎంజైము చేతుల మీదుగా మారితేనే దానికి పూర్తి బలం వస్తుంది. మిట్రాగైనిన్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అప్పుడు నొప్పి తగ్గించే రూపం తక్కువగా తయారవుతుంది, మారని ట్రమడాల్ ఒంట్లో పేరుకుంటుంది. నొప్పి తగ్గలేదని మీరు ఇంకో గొట్టం వేసుకుంటారు. మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ తెచ్చే గుణం ట్రమడాల్‌కు ఉంది. క్రాటమ్ వాడినవాళ్లలోనూ మూర్ఛలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. లారీ స్టీరింగు ముందు, ఘాటు రోడ్డు మలుపులో అది రావడం నేను ఊహించలేను.

స్వీడన్‌లో 'క్రిప్టాన్' అనే పేరుతో ఒక మూలికా పొడి అమ్మారు. దాన్ని వాడినవాళ్లు ఏడాది లోపు తొమ్మిది మంది చనిపోయారు. పరీక్షిస్తే అందులో క్రాటమ్‌తో పాటు, ట్రమడాల్ మన ఒంట్లో ఏ రూపంలోకి మారుతుందో ఆ రసాయనమే కలిసి ఉంది. 2011లో ఆ వివరాలు ప్రచురించారు. చనిపోయినవాళ్లలో చాలామంది ఆకు అనే అనుకుని ఉంటారు.

కల్తీ సంగతి అక్కడితో ఆగలేదు. 2018లో అమెరికాలో క్రాటమ్ సరుకు వల్ల 41 రాష్ట్రాల్లో 199 మందికి విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా క్రిమి సోకింది. కొన్ని పొడుల్లో సీసం, నికెల్ కూడా బయటపడ్డాయి. 7-హైడ్రాక్సీమిట్రాగైనిన్‌ను విడిగా గాఢంగా చేసి బిళ్లలుగా అమ్మడం మొదలైతే, దాన్ని కట్టడి చేయాలని 2025 జులైలో అక్కడి ఆహార ఔషధ సంస్థ సిఫారసు చేసింది. మన దేశంలో క్రాటమ్‌కు మందుగా ఆమోదం లేదు. అంటే మీ పొట్లంలో ఏముందో పరీక్షించి పూచీపడిన వాళ్లు ఎవరూ లేరు. కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు కూడా వచ్చాయి. ఆకే కదా అన్నారు. పొగాకూ ఆకే, గన్నేరూ ఆకే.

నా సొంత మాట ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ పెట్టెలో చిన్న ఇత్తడి డబ్బా ఉండేది. కీళ్ల నొప్పులకని అందులోంచి రోజూ రాత్రి మిరియం గింజంత నల్లమందు నాలుక మీద వేసుకునేది. అమ్మే దుకాణాలు మూతపడ్డాక కూడా ఎవరో ఒకరు తెచ్చిచ్చేవారు. ఒక వానాకాలం మహేంద్రతనయ నది పొంగి దారులు తెగి, ఆ మనిషి రాలేదు. రెండో రోజుకు ఆమెకు ముక్కు, కళ్లు కారడం మొదలైంది. విరేచనాలు. చేతుల మీద వెంట్రుకలు నిక్కపొడుచుకుని, చర్మం ఈకలు పీకిన కోడి చర్మంలా అయింది. చలిజ్వరం అనుకుని ఇంటిల్లిపాదీ కంబళ్లు కప్పారు. నేను కాళ్లు నొక్కుతుంటే 'ఎముకల్లో పురుగులు పాకుతున్నాయే' అని ఏడ్చింది. ఎవరూ ఆ డబ్బా గురించి ఆలోచించలేదు. నేను ఫార్మసీ చదువుతున్నప్పుడు పుస్తకంలో ఆ లక్షణాల వరుస చూసి, పేజీ మూసి బయటికి వచ్చేశాను. మీ ఉత్తరంలో కాళ్లు నిలవవు అన్న వాక్యం దగ్గర నాకు ఆ మంచమే గుర్తొచ్చింది. ఆమెను తాగుబోతు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. మిమ్మల్ని అన్నా ఊరుకోను.

మీకు జరిగింది మందు వల్ల వచ్చిన జబ్బు. దానికి తూకం ఉన్న వైద్యం ఉంది. డాక్టరు మీ మోతాదును వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించవచ్చు. వంట్లో వణుకు, చెమటలు, విరేచనాలకు విడిగా మందులు ఇవ్వవచ్చు. అవసరమైతే నాలుక కింద పెట్టే బ్యుప్రెనార్ఫిన్ ఉంది. అదీ ఆ పీట మీద సగమే కూర్చునే మందే, కానీ ప్రతి బిళ్లలో ఎంత ఉందో దాని మీద అచ్చు వేసి ఉంటుంది, పక్కన చూసే మనిషి ఉంటారు. క్రాటమ్‌కూ దానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఇందుకు మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. మీకు బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. తెలుగులో మాట్లాడితే ధైర్యంగా ఉంటుందనుకుంటే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బయలుదేరే ముందు ఫోను చేయాలంటే 14416 టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ), 14446 మత్తు విముక్తి సహాయ కేంద్రం. టెలీమానస్‌లో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు, డబ్బులు పడవు. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఇచ్చిన హక్కు. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, ఆ పొడి పొట్లం రెండూ పట్టుకెళ్లండి. ఇప్పటికే కొంత పొడి తిని ఉంటే అదీ చెప్పండి. రక్త పరీక్షలో కాలేయం సంగతి చూస్తారు.

ఈలోగా మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు. ట్రమడాల్‌తో అవి కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. ఈ పేరా మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి: మనిషి లేపినా లేవకపోయినా, గురకలా ఊపిరి తీస్తూ మధ్యలో ఆగుతున్నా, పెదవులు నీలం తిరిగినా, మూర్ఛ వచ్చినా, పక్కకు ఒత్తిగిలించి 108కి ఫోను చేయాలి. ఏం తిన్నాడో దాచకుండా చెప్పాలి. ఈ రకం మందులకు ఆస్పత్రిలో నలాక్సోన్ అనే విరుగుడు ఉంటుంది.

ఇక నడుము. నాలుగేళ్లలో ఒక్కసారైనా మీ నడుమును ఎవరైనా చేత్తో తాకి చూశారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. ట్రమడాల్ జాతి మందులు నడుము నొప్పికి గొప్ప మందులేమీ కావు. ఆస్ట్రేలియాలో చేసి 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వేసిన పరిశోధనలో, కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పులకు ఆ జాతి మందు ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగని తేలలేదు. ఎముకల డాక్టరుకు చూపించండి, ఫిజియోథెరపీ అడగండి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే వెళ్లాలి. చికిత్స కుదురుకునే వరకు బండి ఎక్కకండి. కూలి పోతుందని తెలుసు, అయినా చెబుతున్నాను.

చీటీ లేకుండా ఇస్తున్న ఆ దుకాణం గురించి కూడా. ట్రమడాల్ 2018 ఏప్రిల్ నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. ఆ కౌంటరు వెనక నిలబడ్డవాడు నా వృత్తివాడు. ముప్పై ఏళ్లు అక్కడే నిలబడ్డ మనిషిగా అతని తరఫున మీకు క్షమాపణ చెబుతున్నాను.

ప్రశ్న: మా గుణుపురం కొండల్లో కైం అనే చెట్టు ఉంది. క్రాటమ్ కుటుంబానికి చెందినదేనని ఒక వీడియోలో చెప్పారు. మన చెట్టే ఉండగా విదేశీ పొడి ఎందుకు? ఆకు ఎండబెట్టి మోకాళ్ల నొప్పులకు వాడవచ్చా? – ఒక విద్యార్థి

జవాబు: వాడవద్దు బాబూ. కైం పేరు మిట్రాగైనా పార్విఫోలియా, క్రాటమ్ పేరు మిట్రాగైనా స్పెసియోసా. ఇంటిపేరు ఒకటే, రెండూ కదంబానికి చుట్టాలే. పువ్వు మధ్యలోని కొస క్రైస్తవ బిషప్పుల టోపీలా ఉంటుందని కోర్తాల్స్ అనే డచ్చి వృక్షశాస్త్రవేత్త ఆ ఇంటిపేరు పెట్టాడు. టోపీ పోలిక ఉంది కదా అని ఆకులోని సరుకు ఒకటే కాదు. కైం ఆకులో ఉన్న పదార్థాలు వేరు, వాటి మోతాదు మనుషుల్లో ఎవరూ తేల్చలేదు. మంచి నీడ ఇచ్చే చెట్టు, గట్టి కలప. దాన్ని చెట్టుగానే ఉండనివ్వు. మోకాళ్లు మీ అమ్మగారివో నాన్నగారివో అయి ఉంటాయి, పరీక్ష చేయించు.

ప్రశ్న: అమ్మా, మాది రాయగడ. మా ఆయన దగ్గుమందు సీసాలకు, నొప్పి బిళ్లలకు అలవాటుపడి ఆరేళ్లు. మధ్యలో ఆన్‌లైన్లో క్రాటమ్ తెప్పించుకుని ఐదు నెలలు తిన్నారు. చివరికి రెండూ కలిసి మెడకు చుట్టుకున్నాయి. ఇప్పుడు ఆస్పత్రిలో నాలుక కింద పెట్టే బిళ్ల ఇస్తున్నారు. నెల నుంచి ఇంట్లో తింటున్నారు, నిద్రపోతున్నారు. మా అత్తగారు మాత్రం ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు మప్పారని రోజూ అంటున్నారు. ఎన్నాళ్లని వేసుకోవాలి? నేనే ఆపించనా? – ఒక ఇల్లాలు

జవాబు: ఆపించకండి అమ్మా. మీ అత్తగారికి కోపం తెచ్చుకోకుండా ఇలా చెప్పి చూడండి: 'అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మత్తులో ఉన్న మనిషి ఇలా ఉంటాడా?' బీపీ బిళ్ల రోజూ వేసుకుంటే దాన్ని ఎవరూ మత్తు అనరు. ఈ బిళ్ల, అంటే పైన చెప్పిన బ్యుప్రెనార్ఫిన్, ఒకే మోతాదులో, ఒకే వేళకు ఒంట్లో నిలకడగా ఉండి, పాత కోరికను అణచి ఉంచుతుంది. నెలలు పట్టవచ్చు, కొందరికి ఏళ్లూ పట్టవచ్చు. తొందరపడి ఆపితే చాలామంది పాతదానికే వెళ్తారు. అప్పటికి ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, ప్రాణం పోయేది అలాంటప్పుడే. తగ్గించే రోజు వస్తే డాక్టరే తగ్గిస్తారు.

ఆయన మళ్లీ ఎప్పుడైనా దగ్గుమందుకో పొడికో జారితే, వెంటనే మీరు ఇంట్లో ఉన్న ఈ బిళ్ల నోట్లో పెట్టకండి. పాత మందు ఇంకా పీట మీద ఉండగా ఇది వెళ్లి దాన్ని నెట్టేస్తుంది, ఒక్కసారిగా విపరీతమైన బాధ మొదలవుతుంది. మొదటి రోజు ఆస్పత్రిలో వణుకు మొదలయ్యేదాకా ఆగి బిళ్ల ఇచ్చేది అందుకే. జారిన సంగతి డాక్టరుకు చెప్పి, ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి.

వేసుకునే పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూడండి. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుక్క నీళ్లు తాగాలి. బిళ్లను నాలుక కింద పెట్టి పూర్తిగా కరిగేదాకా, ఐదు నుంచి పది నిమిషాలు, మాట్లాడకుండా కూర్చోవాలి. నమిలినా మింగినా సగం వృథా. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి. పళ్లు పాడుకాకుండా ఉండాలంటే గంట తర్వాతే పళ్లు తోముకోవాలి. ఇంట్లో పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆ డబ్బా గూట్లో దేవుడి పటం పక్కన ఉంచవద్దు. పెద్దవాళ్లకు మందైన ఒక్క బిళ్ల చిన్నపిల్లల ఊపిరి ఆపగలదు. తాళం పడే పెట్టెలో పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి.